ఆటల మాస్టారు జవాబులు: బాస్కెట్‌బాల్ రిఫరీ సైగలు

స్కూల్ గేమ్స్ దగ్గర పడ్డాయంటే నాకొచ్చే ఉత్తరాల్లో ఆటగాళ్లకంటే పీఈటీలవే ఎక్కువ ఉంటాయి. ఈ నెల వచ్చినవాటిలో చాలామటుకు బాస్కెట్‌బాల్ రిఫరీ చేతి సైగల మీదే. విజయనగరంలో కాలేజీ పీడీగా ఉన్నన్నాళ్లూ చుట్టుపక్కల గ్రౌండ్లలో ఈల మెళ్లో వేసుకుని తిరిగినవాణ్ణి, ఇది నాకు ఇష్టమైన విషయం కూడా. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. నేను చెప్పేవన్నీ అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనల ప్రకారం.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను హైస్కూల్లో పీఈటీని. నా ఆట వాలీబాల్. మొన్న పోటీల్లో మనుషులు చాలక నన్ను బాస్కెట్‌బాల్‌కి రిఫరీగా నిలబెట్టారు. రూల్స్ చదువుకునే వెళ్లాను. కానీ ఈల ఊదాక చేతులు ఎటు పోవాలో తెలియక అన్నీ ఒకేసారి చూపించేశాను. స్కోరు రాసే టేబుల్ దగ్గరవాళ్లు "ఏటి సార్, ఎవరికి సార్" అని అడుగుతూనే ఉన్నారు. వరస చెప్పండి. (ఒక పీఈటీ, నెల్లిమర్ల)

జవాబు: ఈల మోగిన మరుక్షణం మీ చేయి నిటారుగా పైకి లేవాలి. అది రెండే రకాలుగా ఉంటుంది. పిడికిలి బిగించి ఉంటే ఫౌల్. వేళ్లు కలిపి అరచేయి తెరిచి ఉంటే వయొలేషన్, అంటే ఎవరినీ తాకకపోయినా ఆట నిబంధన తప్పడం. మనవాళ్లు ఎక్కువ తడబడేది ఈ తేడా దగ్గరే. ట్రావెలింగ్‌ని (బంతి పట్టుకుని పరిమితికి మించి అడుగులు వేయడాన్ని) కూడా "ట్రావెల్ ఫౌల్" అనేస్తుంటారు. ట్రావెలింగ్ ఫౌల్ కాదు. ఫౌల్ అంటే ఎదుటివాళ్లను నిబంధనకు విరుద్ధంగా తాకడం, లేదా ప్రవర్తన తప్పడం. అది ఆటగాడి పేరు మీద స్కోర్‌షీట్‌లో ఎక్కుతుంది. అయిదు ఎక్కితే ఇక ఆ మ్యాచ్‌లో ఆడనివ్వరు. వయొలేషన్ ఎవరి పేరు మీదా ఎక్కదు, బంతి అవతలి జట్టుకి పోతుంది, అంతే. మీరు ట్రావెలింగ్‌కి పిడికిలి ఎత్తారనుకోండి, స్కోరర్ పెన్ను పట్టుకుని నంబర్ కోసం మీ వైపే చూస్తూ కూర్చుంటాడు. "ఎవరికి సార్" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

వయొలేషన్ అయితే పని తేలిక. తెరిచిన అరచేయి పైకి, తర్వాత ఏ వయొలేషనో దాని సైగ, తర్వాత బంతి ఎటు పోతుందో ఆ దిక్కుకి, సైడ్‌లైన్‌కి సమాంతరంగా చేయి చాపడం. టేబుల్ దగ్గరికి వెళ్లక్కర్లేదు, ఉన్నచోటే ముగించండి.

ఫౌల్ అయితే రెండు అంచెలు. పిడికిలి ఎత్తాక అక్కడే నిలబడి, బాస్కెట్‌లోకి బంతి వేస్తుండగా జరిగిన ఫౌల్ అయితే ఎన్ని ఫ్రీ త్రోలో (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) వేళ్లతో చూపించండి. వేస్తుండగా కాకపోతే నేల వైపు చూపించండి. ఆ తర్వాత టేబుల్‌కి మీరు అడ్డం లేకుండా కనిపించే చోటికి నడవండి. పరిగెత్తుతూ చూపించకండి. రెండు పాదాలూ ఆనించి నిలబడి ముందు ఆటగాడి నంబర్, తర్వాత ఫౌల్ రకం, ఆఖరున ఫ్రీ త్రోలు ఎన్నో, లేదా బంతి ఎటో. నంబర్ చూపించాక ఒక్క క్షణం ఆగాలి. స్కోరర్ తల దించి రాసుకునే వ్యవధి ఇవ్వకుండా రెండో సైగకి వెళ్లిపోతే మొదటిది పోయినట్టే. నోటితో కూడా "నీలం, ఆరు" అని రంగూ నంబరూ చెప్పండి.

ఆర్టీసీ కండక్టర్ "రైట్ రైట్" అనేది డ్రైవర్‌కి, బస్సులో కూర్చున్న మనకి కాదు. మీ సైగలు కూడా అలా టేబుల్ కోసమే. వాళ్లకు అర్థమైతే ప్రేక్షకులకీ, కోచ్‌లకీ అదే అర్థమవుతుంది. ఫౌల్ చేసిన పిల్లాడి మొహం మీదికి వేలు చూపించి "నువ్వే" అనడం మాత్రం వద్దు. గొడవలు చాలావరకు ఆ వేలితోనే మొదలవుతాయి. పూర్వం పిడికిలి ఎత్తి రెండో చేతిని ఫౌల్ చేసినవాడి నడుము వైపు చూపించేవారు. పాత రిఫరీల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంకా అలాగే చేస్తున్నారు. ఇప్పుడు ఆ రెండో చేయి లేదు, పిడికిలి ఒక్కటే.

ఇంకొక్కటి. మీరు టేబుల్ వైపు చూస్తున్నంతసేపూ రెండో రిఫరీ కళ్లు ఆటగాళ్ల మీదే ఉండాలి. ఇద్దరూ టేబుల్ వైపు తిరిగితే వెనకాల తోపులాట ఎవరు మొదలుపెట్టారో చెప్పేవాడు ఉండడు.

ప్రశ్న: సార్, నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ టోర్నమెంట్లకు స్కోరర్‌గా కూర్చుంటాను. రిఫరీలు నంబర్ ఒక్కొక్కరు ఒక్కోలా చూపిస్తారు. ఒకాయన 23కి రెండు చేతుల వేళ్లూ విప్పి మూసి, విప్పి మూసి, మళ్లీ మూడు వేళ్లు చూపించారు. నేను లెక్కపెట్టేలోపు అయిపోయింది. అసలు పద్ధతి ఏది? (ఒక విద్యార్థిని, శ్రీకాకుళం)

జవాబు: నీ ప్రశ్న చూసి చాలా సంతోషించానమ్మా. స్కోరర్ల గురించి ఎవరూ అడగరు, ఆట మాత్రం వాళ్ల పెన్ను మీదే నడుస్తుంది.

1 నుంచి 5 వరకు కుడి చేతి వేళ్లతో. 6 నుంచి 10 వరకు కుడి చేయి అయిదు వేళ్లూ విప్పి, మిగతావి ఎడమ చేత్తో. అంటే 7కి కుడి అయిదు, ఎడమ రెండు. 11 నుంచి 15 వరకు కుడి చేయి పిడికిలి, ఎడమ చేతి వేళ్లు. 12 అంటే కుడి పిడికిలి, ఎడమ రెండు వేళ్లు. 16 నుంచి పద్ధతి మారుతుంది. ముందు చేతి వెనక భాగం నీ వైపు తిప్పి పదుల స్థానం, తర్వాత అరచేయి నీ వైపు తిప్పి ఒకట్ల స్థానం. 23కి చేయి తిప్పి రెండు వేళ్లు, తర్వాత అరచేత్తో మూడు వేళ్లు. 78 అయితే తిప్పిన చేతుల మీద ఏడు, తర్వాత అరచేతులతో ఎనిమిది. 40కి తిప్పిన చేయి మీద నాలుగు, తర్వాత సున్నా. 0 ఒక్క కుడి చేత్తో, 00 రెండు చేతులతో.

ఎదురుగా కూర్చున్న నీకు ఆయన కుడి చేయి నీ ఎడమ పక్కన కనిపిస్తుంది. అంటే పిడికిలి నీ ఎడమ పక్కన ఉండి, కుడి పక్కన వేళ్లుంటే 11 నుంచి 15 లోపే. ఎదురుగా ఎవరినైనా నిలబెట్టుకుని ఓ సాయంత్రం ప్రాక్టీస్ చేస్తే చాలు, ఇక చూడగానే పెన్ను దానంతటదే కదులుతుంది.

15 దాటగానే పద్ధతి ఎందుకు మారిందని నీకు అనుమానం రావచ్చు. ఒకప్పుడు అంతర్జాతీయ పోటీల్లో జెర్సీ నంబర్లు 4 నుంచి 15 వరకే ఉండేవి. రెండు చేతుల్లో ఒకేసారి చూపించగలిగేవి. 2014లో 0, 00, 1 నుంచి 99 వరకు ఏదైనా వేసుకోవచ్చని మార్చారు. వేళ్లు చాలని నంబర్లు అప్పుడే వచ్చాయి. మీ దగ్గరికి వచ్చిన ఆయన బహుశా పాత నంబర్ల రోజుల్లో నేర్చుకున్నవారై ఉంటారు.

రాసుకున్నాక బొటనవేలు ఎత్తి "సరే" అని చూపించు. అది రిఫరీలకీ టేబుల్‌కీ మధ్య అధికారిక సైగే. అర్థం కాకపోతే ఎత్తకు, మళ్లీ చూపిస్తారు. అడగడానికి మొహమాటపడితే ఒకరి ఫౌల్ ఇంకొకరి పేరున పడుతుంది, నాలుగో క్వార్టర్‌లో దాన్ని విప్పడం ఎవరి వల్లా కాదు. ఫౌల్ రాయగానే ఆ ఆటగాడికి అది ఎన్నోదో చూపించే పలక రెండు జట్ల కోచ్‌లకీ కనిపించేలా పైకెత్తాలి. పలకల్లో 1 నుంచి 4 నల్ల అంకెలు, 5 ఎర్ర అంకె. మీ కాలేజీలో అవి లేకపోతే అట్టముక్కలతో చేసుకోండి.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి అండర్-17 ఆడుతోంది. మొన్న ఆఖరి నిమిషంలో ఇద్దర్ని దాటుకుని వెళ్లి బంతి వేసింది. బాస్కెట్ పడింది. మేమంతా చప్పట్లు కొట్టేశాం. రిఫరీ మాత్రం పిడికిలితో అరచేతిలో కొట్టుకుని, రెండు చేతులూ అడ్డంగా ఊపి, బంతి అవతలివాళ్లకి ఇచ్చేశాడు. ఆ రాత్రి అమ్మాయి అన్నం ముట్టలేదు. అన్యాయం జరిగిందా? (ఒక తండ్రి, బొబ్బిలి)

జవాబు: ఆ క్షణం నేను చూడలేదు కాబట్టి న్యాయం చెప్పలేను. రిఫరీ తన చేతులతో ఏం చెప్పాడో మాత్రం మీకు చదివి చెప్పగలను. పిడికిలితో తెరిచిన అరచేతిని కొట్టడం అంటే చార్జింగ్, బంతితో వెళ్తున్న ఆటగాడు ఎదుటివాళ్లని గుద్దాడని. చేతులు రెండూ ఛాతీ ముందు కత్తెరలా ఒక్కసారి ఆడించడం అంటే పడ్డ బాస్కెట్ లెక్కలోకి రాదని. ఆ కత్తెర చూపించకపోతే స్కోరర్ రెండు పాయింట్లు రాసేస్తాడు. తర్వాత పిడికిలిని అవతలి కొస వైపు చాపి ఉంటాడు, బంతి ఎవరి చేతిలో ఉందో వాళ్ల ఫౌలే అని దాని అర్థం.

ఇక చార్జింగా, బ్లాకింగా అన్నది ఎలా తేలుతుందో చెప్తాను. బాస్కెట్‌బాల్ మొత్తంలో ఇంతకంటే కష్టమైన నిర్ణయం లేదని నా అభిప్రాయం. డిఫెండర్ ఎదురుగా మొహం పెట్టి, రెండు పాదాలూ నేల మీద ఆనించి ముందు తన చోటు సంపాదించాలి. ఆ తర్వాత బొమ్మలా నిలబడి ఉండాలని లేదు, పక్కకీ వెనక్కీ జరగొచ్చు. గాల్లోకి లేచిన మనిషి దారిలోకి మాత్రం, ఆమె లేచాక రాకూడదు. ఇవన్నీ సరిగా ఉండి, ఛాతీ మీద తగిలితే అది బంతి పట్టుకున్నవాళ్ల తప్పు. డిఫెండర్ ఆలస్యంగా వచ్చినా, తుంటి గానీ మోకాలు గానీ పక్కకి చాపినా, అది బ్లాకింగ్. దానికి సైగ రెండు చేతులూ నడుం మీద పెట్టుకోవడం. మీ అమ్మాయి దృష్టిలో రెండోది జరిగింది, రిఫరీ దృష్టిలో మొదటిది. అతను నిలబడ్డ కోణం నుంచి డిఫెండర్ పాదాలు కనిపించాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మీరు గుర్తు తెచ్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. తాకిడి జరిగేసరికి బంతి అమ్మాయి చేతిలో ఉందా, వదిలేసిందా? బంతి చేయి విడిచాక గుద్దుకుని ఉంటే, అమ్మాయి మీద ఫౌల్ రాసినా పడ్డ బాస్కెట్ లెక్కలోకి వస్తుంది. అప్పుడు కత్తెర చూపించకూడదు. చేతిలో ఉండగానే గుద్దితే రిఫరీ చేసింది సరైనదే. జట్టు కెప్టెన్ ఆట ఆగినప్పుడు మర్యాదగా వెళ్లి ఈ ఒక్క ముక్క అడగొచ్చు.

రింగ్ కింద అర్ధవృత్తం సంగతి కూడా చెప్పాలి. రింగ్ మధ్య బిందువుకి సరిగ్గా కింద నేల మీద ఉన్న చోటు నుంచి 1.25 మీటర్ల దూరంలో గీసిన గీత అది. డిఫెండర్ పాదం ఆ గీత మీదో లోపలో ఉంటే, గాల్లోకి లేచిన ఆటగాడు గుద్దినా మామూలుగా చార్జింగ్ ఇవ్వరు. ఆ ఆటగాడు చేతులో కాళ్లో అడ్డగోలుగా వాడితే తప్ప. మన స్కూలు కోర్టులు చాలావాటిలో ఈ గీతే ఉండదు. గీత లేనిచోట ఈ నియమం ఎవరికీ గుర్తు రాదు. పీఈటీ మాస్టార్లందరికీ నా విన్నపం: 1.25 మీటర్ల తాడు, కాస్త సున్నం, అరగంట సమయం. రింగ్ మధ్య నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీస్తే కింద బిందువు దొరుకుతుంది. ఆ గీత వేయండి.

అమ్మాయిని ఇంకా ధైర్యంగా లోపలికి వెళ్లమనండి. ఆఖరి అడుగు దగ్గర రెండు కాళ్ల మీద ఆగి లేచే అలవాటు చేసుకుంటే ఇలాంటి గుద్దులు తగ్గుతాయి.

ప్రశ్న: టైమ్‌అవుట్‌కీ టెక్నికల్ ఫౌల్‌కీ రెండింటికీ 'టీ' ఆకారమే చూపిస్తారు కదా, తేడా ఎలా తెలుస్తుంది? (ఒక క్రీడాకారిణి, విజయనగరం)

జవాబు: చేతిని గమనించమ్మా. టైమ్‌అవుట్‌కి ఒక అరచేయి కింద చూపుడు వేలు ఒక్కటే నిలబెడతారు. టెక్నికల్‌కి, అంటే తాకిడి లేకుండా ప్రవర్తన తప్పినందుకు ఇచ్చే ఫౌల్‌కి, రెండు అరచేతులూ పూర్తిగా తెరిచి ఒకదాని కింద ఇంకొకటి నిలువుగా పెడతారు. దూరం నుంచి చూసినా వేలు సన్నగా, అరచేయి వెడల్పుగా కనిపిస్తుంది. రిఫరీలు బద్ధకించి టైమ్‌అవుట్‌కి కూడా అరచేయి వాడితే కోచ్‌కి గుండె ఆగినంత పనవుతుంది. ఇదే కోవలో ఇంకో జంట ఉంది. పట్టుకోవడం అనే మామూలు ఫౌల్‌కి మణికట్టు పట్టుకుని చేయి కిందికి, క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్‌కి అదే మణికట్టు పట్టుకుని చేయి తల పైకి. రెండోది రెండుసార్లు వస్తే ఆ ఆటగాడిని పంపించేస్తారు, అందుకే చేయి ఎటుందో చూడాలి.

ప్రశ్న: అన్నా, మేం రోజూ ఎన్‌బీఏ రీల్స్ చూస్తాం. మొన్న మ్యాచ్‌లో అవతలి పొడుగోడు రింగ్ కిందే పాతుకుపోయాడు. డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ ఇవ్వమని ఎంత అరిచినా రిఫరీ ఇవ్వలేదు. మా వాడు టైమ్‌అవుట్ చూపించినా పట్టించుకోలేదు. రూల్స్ తెలియనివాళ్లని ఎందుకు పెడతారు? (ఒక ఆటగాడు, పలాస)

జవాబు: తమ్ముడూ, ఆ రిఫరీకి రూల్స్ తెలుసు. మీరు చూసేది వేరే రూల్ పుస్తకం. డిఫెన్సివ్ త్రీ సెకండ్స్, అంటే డిఫెండర్ రింగ్ కింద ఊరికే మూడు సెకన్లకు మించి నిలబడకూడదన్న నియమం, అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఉంది, ఫిబాలో లేదు. ఇక్కడ మూడు సెకన్ల నియమం దాడి చేసే జట్టుకే. డిఫెండర్ రింగ్ కింద ఎంతసేపైనా నిలబడొచ్చు. వాణ్ణి బయటికి లాగాలంటే అరవడం కాదు, బయట నుంచి రెండు షాట్లు పడాలి.

టైమ్‌అవుట్ కూడా అంతే. ఎన్‌బీఏలో ఆటగాడు అడగొచ్చు. ఇక్కడ కోచ్ గానీ మొదటి అసిస్టెంట్ కోచ్ గానీ టేబుల్ దగ్గరికి వెళ్లి స్కోరర్‌ని అడగాలి. మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు. కోర్టులోంచి మీ వాడు ఎన్ని 'టీ'లు చూపించినా రిఫరీ ఇవ్వలేడు. తేడాలు ఇంకా ఉన్నాయి. ఎన్‌బీఏలో క్వార్టర్ 12 నిమిషాలు, ఇక్కడ 10. అక్కడ ఆరు ఫౌళ్లకి బయటికి, ఇక్కడ అయిదుకే. మీకు పనికొచ్చేది ఇది: ఇక్కడ షాట్ రింగ్‌కి తగిలి పైన ఆడుతున్న బంతిని ఎవరైనా తట్టేయొచ్చు, తీసేయొచ్చు. ఎన్‌బీఏలో అది ఇంటర్‌ఫియరెన్స్ అనే వయొలేషన్. మీ జట్టులో ఎగరగలిగినవాడుంటే ఈ నియమం మీకు పాయింట్లు ఇస్తుంది. రీల్స్ చూడండి, ఆట నేర్చుకోండి. నిబంధనలు మాత్రం ఫిబావి చదవండి, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ప్రశ్న: మూడు అడుగులు వేస్తే ట్రావెలింగ్ కదా సార్? మా సీనియర్లు మూడు వేసినా రిఫరీ ఊరుకుంటున్నాడు. అడిగితే 'జీరో స్టెప్' అంటున్నారు. నిజంగా అలాంటిది ఉందా, తప్పించుకోవడానికి చెప్తున్నారా? (ఇంటర్ విద్యార్థి, ఆమదాలవలస)

జవాబు: ఉంది బాబూ. 2017లో ఫిబా ట్రావెలింగ్ నియమాన్ని మార్చింది. కదులుతూ బంతి అందుకున్నా, డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ కదలడం) ముగించి బంతి పట్టుకున్నా, ఆ పట్టుకున్న క్షణంలో నేల మీద ఉన్న పాదాన్ని లెక్కపెట్టరు. దాన్నే జీరో అంటున్నారు. తర్వాత పడే పాదం ఒకటి, ఆ తర్వాతది రెండు. ఆ లోపు బంతి వేసేయాలి, పాస్ ఇవ్వాలి, లేదా ఆగిపోవాలి. మూడో పాదం ఆనితే ట్రావెలింగ్. కాబట్టి పైనుంచి చూసేవాళ్లకు మూడు అడుగులు కనిపించినా అది సరైనదే కావచ్చు. రిఫరీ పాదాల్ని చూసే ముందు చేతుల్ని చూస్తాడు: బంతి ఎప్పుడు పట్టులోకి వచ్చింది? లెక్క అక్కణ్ణించే.

మీ సీనియర్లు చెప్పని సంగతి ఇంకోటి ఉంది. పరిగెడుతూ పాస్ అందుకుని డ్రిబుల్ మొదలుపెట్టాలంటే, రెండో అడుగు పడేలోపే బంతి చేయి విడవాలి. నిలబడి అందుకున్నవాడికి అసలు జీరో అడుగే లేదు. వాడు డ్రిబుల్ మొదలుపెట్టాలంటే ఇరుసు పాదం (తిరగడానికి నేలకి ఆనించి ఉంచే పాదం) లేవకముందే బంతి చేయి విడవాలి. మన పిల్లలు ఎక్కువ దొరికిపోయేది ఇక్కడే, కదిలే ఊపులో పాదం ముందు లేపేస్తారు.

సైగలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి మూడూ కలిపి గుర్తు పెట్టుకో. రెండు పిడికిళ్లూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే ట్రావెలింగ్. అరచేతులతో కిందికి తట్టినట్టు చూపిస్తే డబుల్ డ్రిబుల్, అంటే ఆపిన డ్రిబుల్ మళ్లీ మొదలుపెట్టడం. అరచేయి సగం తిప్పి చూపిస్తే బంతిని కిందనుంచి పట్టి మోశావని, క్యారీయింగ్.

ప్రశ్న: మాస్టారూ, నేను ఈ సంవత్సరమే పీఈటీగా చేరాను. రిఫరీయింగ్ అంటే ఇష్టం. నా గొంతు చిన్నది. అబ్బాయిల మ్యాచ్‌కి వెళ్తే "మేడమ్, వినపడట్లేదు" అని నవ్వుతారు. నాకు ఇది కుదురుతుందా? (ఒక టీచరమ్మ, టెక్కలి)

జవాబు: తప్పకుండా కుదురుతుందమ్మా, ఇంకో ఆలోచన పెట్టుకోకండి. ఈ సైగలు ఉన్నదే గొంతు అక్కర్లేకుండా. గ్రౌండంతా "అదేటి ఫౌలు కాదేటి!" అని అరుస్తుంటే ఎంత పెద్ద గొంతైనా పది అడుగులు దాటదు. మీకు కావాల్సింది ఒక మంచి ఈల, స్థిరమైన చేయి.

లోపల గింజ ఉండే పాత ఈల కొనకండి. గట్టిగా ఊదితే గింజ బిగుసుకుపోయి గాలి తప్ప మోత రాదు. కెనడాకు చెందిన రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ అనే బాస్కెట్‌బాల్ రిఫరీ ఆ బాధ తానే పడి, గింజ లేని ఈల తయారు చేయించాడు. ఫాక్స్ 40 పేరుతో 1987లో వచ్చింది. ఇప్పుడు ఆ తరహా ఈలలు స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి. ఒక్కసారే ఊదండి, పొట్టిగా, గట్టిగా. రెండు మూడుసార్లు ఊదితే మీకే నమ్మకం లేదనుకుంటారు.

చేయి సంగతికొస్తే, మోచేయి వంచకండి. సగం ఎత్తిన పిడికిలి అనుమానంగా కనిపిస్తుంది. భుజం నుంచి నిటారుగా లేచి, టేబుల్ చూసేదాకా అక్కడే ఉన్న పిడికిలిని చూసి ఎవరూ నవ్వరు. ఇంట్లో నిలువుటద్దం ముందు రోజూ కాసేపు చేయండి. నిబంధనల పుస్తకంలోని బొమ్మల పక్కన మీ చేయి పెట్టి పోల్చుకోండి. మీరు గ్రౌండ్లో నిలబడితే మీ స్కూలు ఆడపిల్లల్లో ఇద్దరు ముగ్గురైనా ఈల పట్టుకుంటారు. మన జిల్లాలకు వాళ్లు చాలా అవసరం, ఈ మాట మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

ప్రశ్న: మా ఊళ్లో మట్టి కోర్టు. 24 సెకన్ల గడియారం లేదు, రిఫరీలు ఇద్దరే. మేం టోర్నమెంట్ పెట్టుకుంటే ఆ నియమం వదిలేయాలా? (యువజన సంఘం సభ్యుడు, రాజాం)

జవాబు: వదిలేయొద్దు. బంతి అందాక 24 సెకన్లలోపు షాట్ వేయాలన్న ఆ నియమం లేకపోతే గెలుస్తున్న జట్టు బంతి పట్టుకుని తిరుగుతూ కూర్చుంటుంది, ఆట చచ్చిపోతుంది. టేబుల్ దగ్గర ఒక మనిషిని స్టాప్‌వాచ్‌తో ఆ పనికే కూర్చోబెట్టండి. పది సెకన్లు మిగిలాయనగా గట్టిగా "పది" అని చెప్పమనండి, సమయం అయిపోగానే ఏదైనా మోత చేయమనండి, పళ్లెం అయినా ఫర్వాలేదు. రిఫరీ వేళ్లతో తన భుజం తాకి చూపిస్తే 24 సెకన్ల వయొలేషన్. చూపుడు వేలు చాపి చేయి గుండ్రంగా తిప్పితే గడియారం మళ్లీ మొదటికి. దాడి చేసే జట్టు షాట్ రింగ్‌కి తగిలి మళ్లీ వాళ్లకే దొరికితే 24 కాదు, 14 నుంచే మొదలుపెట్టాలి. స్టాప్‌వాచ్ మనిషికి ఇది ముందే నేర్పండి.

మిగతా లెక్కలు రిఫరీ చేతి ఊపుతోనే. బయటి నుంచి బంతి వేయడానికి 5 సెకన్లు, సగం కోర్టు దాటడానికి 8. సెకనుకొకసారి చేయి కనిపించేలా ఊపాలి, మనసులో లెక్కపెట్టుకుంటే ఎవరూ నమ్మరు. మూడు సెకన్ల వయొలేషన్‌కి మూడు వేళ్లతో చేయి ముందుకు చాపండి, పైకి ఎత్తకండి. పైకి ఎత్తిన మూడు వేళ్లంటే మూడు పాయింట్ల ప్రయత్నం, అది పడితే రెండు చేతులూ పైకి. మట్టి కోర్టులో గీతలు రెండో మ్యాచ్‌కే చెరిగిపోతాయి కాబట్టి సున్నం బకెట్ టేబుల్ పక్కనే ఉంచి, ప్రతి క్వార్టర్ విరామంలో మూడు పాయింట్ల గీత మళ్లీ వేయించండి. 24 సెకన్లు చేతి గడియారంతో చూస్తున్నామని రెండు జట్ల కోచ్‌లకీ ఆట మొదలవకముందే చెప్పేయండి.